అడగడం నేర్పే చదువు

పిల్లాడికి మూడేళ్లు నిండుతున్నా మాట రాలేదని లోలోపల కుమిలిపోతున్నావని తెలుసు తల్లీ. "వాళ్ల తాతకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి, ఆగండి" అనేవాళ్ల మాట మాత్రం వినొద్దు. పేరు పెట్టి పిలిస్తే తలెత్తడు గానీ, మలుపులో బస్సు హారన్ వినబడితే పరుగెత్తుతాడు. మన ఉదయగిరి చెక్క గరిటెలు ముందేసుకుని చిన్నదాని పక్కన పెద్దది పేర్చుకుంటూ పోతాడు. మధ్యలో ఒకటి తీశావా, ఇల్లు పీకి పందిరేస్తాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. అది మొండితనం కాదు, నీ పెంపకంలో లోపం అంతకన్నా కాదు. లోకాన్ని వాడి మెదడు అందుకునే తీరే వేరు. ఆటిజమా, మరొకటా అన్నది డాక్టరు తేల్చాలి. ముందు చెవుల పరీక్ష చేయించు.

ఏఎస్ పేట దర్గాకు పోదామని మీ అత్తగారు అంటున్నారట. వెళ్లి రండి, మనసుకు ధైర్యం. అక్కడితో ఆగిపోవద్దు. పూర్తిగా నయం చేస్తామని మందులమ్మేవాళ్లకు మాత్రం రూపాయి ఇవ్వొద్దు. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. సాయపడేది థెరపీ.

థెరపీ అంటే మీ ఆయన భయపడుతున్నాడు గానీ, అది చాలావరకు ఆటే. థెరపిస్టు వాడికిష్టమైన మురుకు చేత పట్టుకుని, ఎదురుగా కూర్చుని, ఇవ్వకుండా కాసేపు ఆగుతారు. వేలు చూపినా, "మ్" అన్నా చాలు, "మురుకు" అని పలికి చేతికిస్తారు. అడిగితే దొరుకుతుందని వాడికి తెలియడమే మాటకు మొదలు. థెరపీ కేంద్రంలో జరిగేది ఏ గంటో, మిగతాదంతా నీ వంటింట్లోనే. అందుకే వాడికన్నా ముందు మీరిద్దరూ నేర్చుకోవాలి. పక్కింటి పిల్లాడిలా చేసిపెట్టమని థెరపిస్టును అడగొద్దమ్మా. వాడికి కావలసింది వాడు చెప్పుకోగలగాలి, మనకది అర్థం కావాలి.

అంగన్‌వాడీకి పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం వచ్చినప్పుడు చూపించు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వపు వికలాంగుల పునరావాస కేంద్రం, సీఆర్‌సీ ఉంది. ఆత్మకూరు మీదుగా పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది, నిజమే. బడి వయసుకు వస్తే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజమూ ఉంది, బడిలో వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ఆటిజమని తేలితే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అడుగు.

ఈ నెల దాటనీయకు. వెళ్లేరోజు మీ ఆయన్నీ వెంటబెట్టుకుపో.