గృహక్షేత్రము

అన్నమును నిందింపరాదనియు, దానిని సమృద్ధిగా పెంపొందింపవలెననియు, ఆశ్రయము కోరి ఇంటికి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనియు తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి గృహస్థునకు వ్రతములుగా విధించుచున్నది. మొదటి వ్రతము మనస్సునకు సంబంధించినది, రెండవది చేతులకు, మూడవది హృదయమునకు. పట్టణవాసి మొదటి దానిని, మూడవ దానిని కొంతవఱకైన పాటించుచున్నాడు. రెండవ వ్రతమును మాత్రము ధనమునకు అప్పగించి నిశ్చింతుడై ఉన్నాడు. అంగడిలో కొన్నదానిని పెంపొందించినదానిగా భావించుటయే నేటి గృహజీవనమునందలి పొరపాటు.

దేశరాజధానియగు న్యూఢిల్లీలో అశోకా రోడ్డను రాజవీథి కలదు. ఇండియా గేటు చెంత ఆరంభమై, విండ్సర్ ప్లేస్ కూడలిని దాటి, గోల్ డాక్‌ఖానా వైపు సాగు ఈ మార్గమున ఒక కొనయందు ఆంధ్ర భవనము, రెండవ కొన సమీపమున బంగ్లా సాహెబ్ గురుద్వారము ఉన్నవి. ఆంధ్ర భవనపు భోజనశాలలో పప్పు, కూర, పచ్చడితో కూడిన తెలుగు భోజనము లభించును. 1664లో ఢిల్లీని మశూచి, విషూచి పీడించినపుడు బాలగురువు హరికృష్ణులు రోగులకు సేవ చేసిన తావున వెలసిన గురుద్వారమున జాతిమతభేదము లేక సర్వులకును అన్నము పెట్టబడుచున్నది. ఇట్లు ఒకే వీథిలో స్వదేశపు రుచియు, సర్వజనులకును అన్నదానమును నెలకొన్నవి. అయినను ఆ విస్తరిలోని ఆకుకూర ఏ నేలలో మొలచినదో, ఎవరి చెమటతో పెరిగినదో భుజించువారిలో ఎందఱు తలంతురు?

ఈ వీథికి పేరైన చక్రవర్తి ఆ విషయమును మఱువలేదు. మనుష్యులకును పశువులకును ఉపయోగించు ఓషధులు, దుంపలు, ఫలవృక్షములు ఎచ్చట లేవో అచ్చటికి తెప్పించి నాటించితినని అశోకుడు తన రెండవ శిలాశాసనమున చెప్పికొనెను. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ఆ శాసనమును నేటికిని చూడవచ్చును. బాటల వెంట మఱ్ఱిచెట్లు, మామిడితోపులు నాటించిన సంగతిని తెలుపు స్తంభము ఢిల్లీలోనే ఫిరోజ్‌షా కోట్లయందు నిలిచియున్నది. లేనిచోట నాటుటయే ఆ శాసనములలోని ధర్మము.

అశోకా రోడ్డును ఖండించుచు పోవు జనపథ్ వీథిలో ఈ ధర్మమునకు మఱియొక ఉదాహరణము కలదు. 1965లో యుద్ధమును, ధాన్యపు కొఱతయు ఒక్కమాఱుగా దేశమును చుట్టుముట్టినపుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమునకొక పూట భోజనము మానుడని ప్రజలను కోరెను. తన అధికార నివాసమునందలి పచ్చికబయలును దున్ని పైరు వేసెను. ఆ కొద్దిపాటి నేలలో పండిన గింజలు దేశపు ఆకలి తీర్పజాలవని ఆయన యెఱుగనివాడు కాడు. ఐనను పరులకు చెప్పదలచినదానిని ముందు తన ముంగిటనే చేసి చూపెను.

ఇచ్చట గృహస్థునకు ఒక సందేహము కలుగును. “ఈ ఇల్లు నాది కాదు, నేడో రేపో బదిలీ కాగలదు. నాటి ఏమి లాభము?” అని. రాజధానిలో నివసించు తెలుగు కుటుంబములలో ఈ మాట తఱచుగా వినవచ్చును. కాని బాట ప్రక్కన మఱ్ఱి నాటించినవాడు దాని నీడను అనుభవించుటకై నాటింపలేదు. సమస్త సంసారమే అద్దెయిల్లని నమ్మువారికి ఈ అభ్యంతరము తగదు. విడిచిపోవలసినవాడే ఎక్కువగా నాటవలెను.

ప్రారంభము చిన్నదిగా ఉండవలెను. దినమునకు అయిదాఱు గంటలు ఎండ తగులు వసారాయో, మిద్దెయో చాలును. అడుగున రంధ్రములు గల కుండలో మట్టి, ఇసుక, బాగుగా మాగిన ఎరువు కలిపి నింపి, మొదట మెంతులో తోటకూర విత్తనములో చల్లవలెను. మూడు నాలుగు వారములలో కూర చేతికి వచ్చును. ఢిల్లీలో సెప్టెంబరు చివరనుండి నవంబరు వఱకు మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి వేయుటకు తగిన కాలము. ఫిబ్రవరి, మార్చి నెలలలో బెండ, సొర, బీర. వానలు మొదలైన పిమ్మట గోంగూర, బచ్చలి వేయవచ్చును. కరివేపమొక్కను చలిగాలికి దూరముగా ఉంచి, శీతకాలమున నీరు తగ్గింపవలెను. మే, జూను నెలల వడగాలికి నీడ కల్పించి, ఉదయ సాయంకాలములందు నీరు పోయవలెను. కూరగాయల తొక్కలను, ఎండుటాకులను పొరలు పొరలుగా ఒక తొట్టిలో వేసి అప్పుడప్పుడు కలియబెట్టినచో రెండు మూడు నెలలలో ఎరువగును. ఏపుగా పెరిగిన మొక్క నొకదానిని కోయక విత్తనమునకై విడువవలెను.

ఆ చివరి నియమమే స్వావలంబనమునకు ప్రాణము. తెలంగాణములోని జహీరాబాదు ప్రాంతమున 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములలో అధికులు దళిత స్త్రీలు, చిన్నకమతములవారు. వారు జొన్న, కొఱ్ఱ, కంది మొదలగువానిని కలిపి పండించుచు, బూడిదయు వేపాకును చేర్చి విత్తనములను బుట్టలలో ఇంటనే దాచుచు వచ్చిరి. ఆ సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించెను. విత్తనమును దాచువానికి మఱుసటి సంవత్సరపు విత్తునకై పరుల నడుగ నక్కఱలేదు. ఒకరికి ఇచ్చుటకును కలిగియుండును.

ఐనను సత్యమును దాచరాదు. ఒక కుటుంబమునకు వలయు బియ్యము, పప్పు, నూనె మిద్దెపై పండవు. పది కుండలవాడు తాను ఎవరికిని ఋణపడలేదని గర్వించినచో ఆ తోట అతనికి బంధమే యగును. స్వావలంబనమనగా ఇతరుల అవసరము లేకుండుట కాదు. ఇతరులపై వృథాగా భారము మోపకుండుట. తాను పెంచిన బెండ చీడపట్టి ఎండిన దినమున గృహస్థునకు రైతు దుఃఖము తెలియును. అటుపిమ్మట కూరలమ్మ గంపయెదుట నిలిచి రెండు రూపాయలకు వాదులాడుటకు అతని నోరు రాదు. విస్తరిలో మెతుకు విడుచుటకు చేయి రాదు. తోట ఇచ్చు మొదటి పంట కూర కాదు, ఈ వివేకము.

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము ఈ చిన్న తోటలోనే సాగగలవు. ఒక మూల పిచ్చుకలకు నీరు. తొలికోతలో ఒక పిడికెడు పొరుగింటికి. శేషము తన కుటుంబమునకు. ఈ క్రమము తప్పనిచో కుండెడు మన్నే యజ్ఞవేదిక యగును. విశాలమైన భూమి లభించినపుడు ప్రారంభింతమని వేచియుండువాడు ఎన్నడును ప్రారంభింపడు. వంటయింటి డబ్బాలో మెంతులు లేని తెలుగు ఇల్లు అరుదు. అందుండి ఒక చెంచాడు తీసి నేడే మన్నులో చల్లవలెను.