అబద్ధం పెడల్‌ది కాదు, నాది

ఈసారి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. అసలుకీ నకలుకీ తేడా చెవికే తెలియనప్పుడు, నకలుని అసలు అని చెబితే తప్పేంటి? ఆ తప్పు నేను చేశాను కాబట్టే రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ వాయించుకుంటాను. కిందటి ఏడాది ఒక ట్యూన్ రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా పిన్ని కొడుకు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆ సౌండ్ ఏ పెడల్‌తో వచ్చింది?" అన్నాడు. "ట్యూబ్ స్క్రీమర్ రా" అన్నాను. నిజానికి నా దగ్గర పెడలే లేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఆ పెడల్ బొమ్మ ఉంది, అంతే.

నాలుగు నెలల తర్వాత వాడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో నిజం పెడల్ కొన్నాడు. ఇంట్లో ఉన్న చిన్న ప్రాక్టీస్ ఆంప్‌కి తగిలించాడు. ఆ సౌండ్ రాలేదు. పెడల్‌ని అనుమానించలేదు, నన్నూ అనుమానించలేదు. "నా చేతిలోనే ఏదో లోపం ఉందన్నయ్యా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఆ పెడల్ చేసే పనేంటో చూడండి. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక అల లాంటిది. ట్యూబ్ ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోస్తే ఆ అల కొసలు తెగి, గుండ్రబడతాయి. చెవికి అది వెచ్చని గరగరలా వినిపిస్తుంది. యంత్రం లెక్కలో అది లోపం. వాయించేవాళ్లకి అదే అందం. ఆ గరగరని కాలితో నొక్కే చిన్న పెట్టెలో ఇవ్వడానికి 1970ల చివర్లో జపాన్ నుంచి ఇబానెజ్ పేరుతో ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ వచ్చింది. పేరులో ట్యూబ్ ఉంది, లోపల లేదు. ఒక చిన్న చిప్, అల కొసలు కత్తిరించే రెండు డయోడ్లు, ఇంకొన్ని విడిభాగాలు, అంతే. అంటే మనం అసలు అని నెత్తిన పెట్టుకునే పెడలే ఇంకోదానికి నకలు!

కంప్యూటర్ అదే పనిని లెక్కలతో చేస్తుంది. సెకనుకి 48,000 సార్లు అలని కొలిచి, ప్రతి కొలత దగ్గరా ఆ డయోడ్లు ఏం చేసేవో లెక్కగడుతుంది. ఇదీ తేలికేం కాదు. కొసలు తెగినప్పుడు కొత్త స్వరాలు పుడతాయి. వాటిలో 24,000 హెర్ట్జ్ దాటినవి ఆ లెక్కలో ఇమడక, కిందికి మడతపడి అపస్వరాలవుతాయి. అందుకే లోపల ఇంకా ఎక్కువ వేగంతో లెక్క కట్టి, తర్వాత వడగడతారు. దాని వెనకా ఎంతో శ్రమ ఉంది. బాగా చేసిన మోడల్‌ని రికార్డింగులో గుర్తుపట్టడం నా చెవులకైతే కష్టమే.

మరి తప్పెక్కడుంది? భజనలో తంబురా బదులు ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుంటాం. మోసపోయామని ఎవరైనా అనుకుంటారా? అనుకోరు. ఫోన్ అందరి ఎదురుగానే ఉంటుంది, అది తంబురా అని ఎవరూ చెప్పరు. నకలు ఎప్పుడూ అబద్ధం ఆడదండి. ఆడేది మనం.

"సౌండ్ ఒకటే అయినప్పుడు నష్టమేంటి?" అని నన్ను నేనే సమర్థించుకున్నాను. కానీ వినేవాడికి సౌండ్ చాలు, నేర్చుకునేవాడికి దారి కావాలి. మా తమ్ముడు అడిగింది దారి. నా ల్యాప్‌టాప్‌లో పెడల్ ఒక్కటే కాదు, దాని తర్వాత పెద్ద ట్యూబ్ ఆంప్, స్పీకర్ డబ్బా, దాని ముందు మైకు, అన్నీ మోడల్సే. వాడికి రాని సౌండ్‌లో సగం వాటిదే. నేను ఒక్క పేరు చెప్పి మిగతాదంతా దాచేశాను. ఎందుకంటే ప్లగిన్ అంటే చిన్నతనం, పెడల్ అంటే గొప్ప అనుకున్నాను. ఆ కాస్త గొప్ప కోసం ఒక పిల్లాడు తన చేతుల మీదే నమ్మకం పోగొట్టుకున్నాడు.

మర్నాడు ఫోన్ చేసి అంతా చెప్పాను. పెడల్ డబ్బు ఇస్తానన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "డబ్బులొద్దులే అన్నయ్యా. నా చేతులు బానే ఉన్నాయని ముందే చెప్పుంటే బాగుండేది" అన్నాడు.

ఇప్పుడు వాడు ఆ నిజం పెడల్‌ని నేనిచ్చిన ఆంప్ మోడల్ ముందు తగిలించి వాయిస్తున్నాడు. సగం అసలు, సగం నకలు. సౌండ్ బాగుంది. ఎవరైనా అడిగితే ఏది ఏదో వివరంగా చెబుతాడు. నేనూ ఇప్పుడు అంతే చెబుతున్నాను.

మీరూ ఒకసారి ఆలోచించండి.