విశ్రాంతి సోమరితనమా?



మొన్న ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు అమ్మానాన్నలకు ఇటలీ సముద్ర తీరం చూపిస్తానని టిక్కెట్లు పంపాడట. "ఫాదర్ గారూ, పుణ్యక్షేత్రానికైతే సరే. ఊరికే తిరిగి, కూర్చుని రావడానికి ఇంత ఖర్చు తప్పు కాదా?" అని అడిగింది. నలభై ఏళ్లుగా పొలంలోను, వంటింట్లోను నడుం వాల్చని మనిషి ఆమె. గుడి మెట్ల మీద చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

సోమరితనం వేరు, విశ్రాంతి వేరు. చేయవలసిన పనిని తప్పించుకునేవాడు సోమరి. ఆ పని దేనికోసం చేశానో ఆగి చూసుకోవడం విశ్రాంతి. మనం విరామం కోసమే శ్రమిస్తామని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. 'స్కూలు' అనే మాట కూడా గ్రీకులో విరామమనే అర్థం గల 'స్కోలే' నుంచి పుట్టిందే. అలసి వచ్చిన అపోస్తలులను మన ప్రభువే ఏకాంత స్థలానికి వెళ్లి విశ్రమించమన్నారు (మార్కు 6:31).

రోము నుంచి రైలులో అరగంట వెళితే ఓస్తియా వస్తుంది. తైబరు నది ముఖద్వారాన వెలసిన ప్రాచీన రేవు పట్టణమది. నది తెచ్చిన ఒండ్రు వల్ల సముద్రం ఇప్పుడు దూరం జరిగింది. గిడ్డంగులు, నాటకశాల, ఓడల బొమ్మలు పొదిగిన నేలలు మిగిలాయి.

సుమారు 1,800 ఏళ్ల క్రితం మినూకియుస్ ఫెలిక్స్ అనే క్రైస్తవ న్యాయవాది ఒక గ్రంథం రాశాడు. ద్రాక్షకోతల కాలంలో కోర్టులకు సెలవులిచ్చారు. ముగ్గురు మిత్రులు ఓస్తియా ఒడ్డున తడి ఇసుకలో నడుస్తూ, పిల్లలు చిల్లపెంకులను నీటిమీద గంతులు వేయించడం చూస్తారు. తర్వాత రాళ్ల మీద కూర్చుని దేవుని గురించి వాదించుకుంటారు. సాయంత్రానికి అన్యమతస్థుడైన మిత్రుడు విశ్వాసానికి దగ్గరవుతాడు. కోర్టు పని ఉన్న రోజైతే ఆ మాటలకు తీరిక ఎక్కడిది?

387లో పునీత అగుస్తీను, ఆయన తల్లి మోనికమ్మ ఆఫ్రికాకు ఓడ ఎక్కబోతూ, ప్రయాణపు బడలిక తీర్చుకోవడానికి ఆ ఊరిలోనే ఆగారు. తోట కనిపించే కిటికీ దగ్గర నిలబడి తల్లీకొడుకులు పరలోక జీవితం గురించి మాట్లాడుకున్నారు. కొద్ది రోజులకే ఆమె జ్వరపడి, 56వ ఏట కన్నుమూసింది. ఆ కుమారుని మార్పు కోసం ఏళ్ల తరబడి ఏడ్చిన తల్లికి ఆ కిటికీ దగ్గరే ఫలం దక్కింది. 1945లో ఆటకు స్తంభం పాతాలని గుంట తవ్విన పిల్లలకు అక్కడి గుడి పక్కన ఆమె సమాధి ఫలకపు ముక్క దొరికింది.

అందుచేత అమ్మా, నిశ్చింతగా వెళ్లిరండి. అయితే మీ అబ్బాయి రాసుకున్న ఊళ్ల పట్టీలోంచి రెండు ఊళ్లు కొట్టివేయించండి. రోజుకొక ఊరు, ఊరికి వంద ఫోటోలు తీస్తూ పరుగెత్తడం కూడా కూలిపనే. ఆ మిగిలిన సమయంలో మీ అబ్బాయితో కూర్చోండి. అక్కడ ఒంటరిగా ఎలా ఉన్నాడో, పూజకు వెళ్తున్నాడో లేదో అడగండి. ఫోనులో చెప్పలేనిది మీ ఎదుట చెబుతాడు.

మరొక్క మాట. మన విశ్రాంతి ఇంకొకరి వెట్టి కాకూడదు. మీ పడక సర్దే స్త్రీకి, వడ్డించే కుర్రవానికి కూడా ఇల్లుంది. సబ్బాతు ఆజ్ఞ ఇంటివారితో పాటు దాసదాసీలకు, పశువులకు సైతం విశ్రాంతినిచ్చింది (నిర్గమ 20:10). ఇక్కడ మీ పొలం చూసే కూలివానికీ ఆ పది రోజులలో ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వండి.

ఇటలీ వెళ్లలేని మనబోటివారికి ఆదివారం ఉంది, ఇంటి అరుగు ఉంది. మన భాషలో 'సెలవు' అంటే విరామం, 'సెలవు' అంటే వీడ్కోలు కూడా. ఆ రెండోది రాకముందే మొదటిదానిని మనవారితో గడుపుదాం.