అనుమోదకుని భాగము

సురాపానము పంచమహాపాతకములలో ఒకటియని ఆస్తికులెల్లరును ఎరుగుదురు. అయితే ఆ యైదింటిలో కడపటిదేదో జ్ఞాపకముంచుకొనువారు అరుదు. బ్రహ్మహత్య, సురాపానము, స్తేయము, గురుతల్పగమనము అను నాలుగింటిని చెప్పి, వీనిని చేసినవారితోడి సంసర్గమే ఐదవ పాతకమని స్మృతికారులు నిర్ణయించిరి. తాను త్రాగకుండుట మాత్రముచేత గృహస్థుని బాధ్యత తీరలేదన్నమాట. పెద్దలు మరియొక లెక్కయు చెప్పుదురు. ఏ కర్మమునందైనను చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, అనుమోదించినవాడు అను నలుగురును ఫలమున భాగస్వాములే. మొదటి ముగ్గురిని గుర్తించుట సులభము. చిక్కంతయు నాలుగవవానితోనే. ఒక ఊరిలో మద్యశాల తెరచునప్పుడు ఆ అనుమోదకుడెవడు?

హైదరాబాదునకు పడమటనున్న రాయదుర్గము ఒకప్పుడు రాతిగుట్టల నడుమ దుర్గం చెరువు నానుకొనియున్న పల్లె. 1998లో చేరువనే సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట దాని రూపము మారిపోయినది. 2019 నవంబరులో మెట్రో రైలు అచటి వరకు వచ్చినది. 2025 అక్టోబరులో అచటి ప్రభుత్వభూమి ఎకరము 177 కోట్ల రూపాయలకు వేలములో పోయినది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు ఆ గాజు మేడలలో రేయింబవళ్లు పనిచేయుదురు. ఆ మేడల నీడలలోనే బారులును, వైన్ షాపులును వెలసినవి. వారాంతపు రాత్రులయందు పోలీసులు దారిలో నిలిచి, వాహనము నడపువారిచేత గొట్టములోనికి ఊదించి మత్తును కొలుచుచుందురు. ఒక చేత లైసెన్సు, మరియొక చేత గొట్టము. రెండు చేతులును ఒకే ప్రభుత్వమువి.

ఇచట దుకాణముండవచ్చునా కూడదా యని వాడవారిని అడుగు పద్ధతి లేదు. ఇంగ్లండులో 2003 నాటి చట్టము ననుసరించి స్థానిక పురపాలక సభయే అట్టి దరఖాస్తును విచారించును. ఇరుగుపొరుగువారు తమ ఆక్షేపణ తెలుపవచ్చును. నేరముల నివారణ, ప్రజల భద్రత, పొరుగువారి నెమ్మది, పిల్లల రక్షణ అను నాలుగే అచటి కొలబద్దలు. మన రాజ్యాంగమున మద్యము రాష్ట్రముల అధికారమునకు చెందినది. పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పనులను చెప్పు పన్నెండవ షెడ్యూలులో దాని ప్రసక్తియే లేదు. తెలంగాణమున 2,620 దుకాణములకు దరఖాస్తులు పిలిచి, 2025 అక్టోబరు 27వ తేదీన కలెక్టర్లు జిల్లాలవారీగా చీట్లు తీసిరి. ఒక్కొక్క దరఖాస్తుకు రుసుము 3 లక్షల రూపాయలు. చీటి తగిలినను తగులకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు. అయినను దాదాపు 95 వేల దరఖాస్తులు వచ్చినవి. ఒక్క సీసాయైనను అమ్ముడుపోకమునుపే 2,800 కోట్ల రూపాయలకు మించిన ధనము ఖజానాకు చేరినది.

చీటి తీయుటయందొక సౌకర్యము కలదు. ఈ దుకాణము నెవరిచ్చిరని అడిగినచో చీటియే ఇచ్చినదని చెప్పి చేతులు కడుగుకొనవచ్చును. ధర్మరాజు జూదమును తలచుకొన్నచో ఈ వాదము నిలువదు. పాచిక ఎటు పడునో ఆయన చేతిలో లేదు. ఏమి ఒడ్డవలెనన్నది ఆయన చేతిలోనే యున్నది. సభలో ద్రౌపది అడిగినది పాచికను గూర్చి కాదు, ఒడ్డినవానిని గూర్చి. ఇచటను చీటి తేల్చునది అమ్మువాని పేరు మాత్రమే. ఎన్ని దుకాణములు, ఏ ప్రాంతమున, ఎంత రుసుమునకు అన్నది మనుష్యులు ముందుగా ఒడ్డిన పణము.

మరి మద్యమును బొత్తిగా నిషేధించుటయే సిద్ధాంతమా? అదియు తొందరపడి చెప్పదగినది కాదు. కౌటిల్యుడంతవాడు సురాధ్యక్షుని నియమించి, ఎవరికి, ఎంత, ఎచట అమ్మవలెనో విధించెనే గాని అమ్మకమే కూడదనలేదు. మౌసలపర్వ కథ ఇంకను లోతైనది. మునిశాపమునకు వెరచిన ద్వారకలో, సాక్షాత్తు శ్రీకృష్ణ బలరాముల పేరులతో చాటింపు వేయించిరి. ఏ యింటను సుర కాచరాదు. కాచినవానికి బంధువులతో కూడ కొరతశిక్ష. అంతటి కఠినశాసనము! ఆ యాదవులే పిమ్మట తీర్థయాత్రకని ప్రభాసమునకు తరలి, అచటనే త్రాగి, మాటకు మాట పెరిగి, తుంగపరకలతో ఒకరినొకరు కొట్టుకొని నశించిరి. భగవంతుని పేరిట వేసిన చాటింపు సైతము వారి అంతరంగమున దిగలేదు. ఆంధ్రప్రదేశమున 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లోనే సడలిపోయినది.

అయితే ఆ నిషేధమునకు మూలమైనది రాజశాసనము కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొను స్త్రీలు 1992లో సారా అమ్మకమును అడ్డగించిరి. రోశమ్మ మొదలగు ఆ గ్రామీణ స్త్రీలను ఏ సభయు అడుగలేదు. భర్త కూలి డబ్బు సారాకొట్టులో పోయిన దినమున పస్తుండువారు తామేయని వారెరుగుదురు. ఆ ఉద్యమము జిల్లాలు దాటగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా ఆగినది. ఇదియే అనుమోదమును ఉపసంహరించుకొనుట. ఫలమును అనుభవించువారిని అడుగక చేసిన నిర్ణయమునకు ఊరి సమ్మతి యున్నదనుట ఎట్లు చెల్లును?

చట్టము ఈ మాటను ఒకచోట అంగీకరించినది. షెడ్యూల్డు ప్రాంతములకై 1996లో వచ్చిన పంచాయతీల విస్తరణ చట్టము, మత్తు పదార్థముల అమ్మకమును నిషేధించుటకును, అదుపుచేయుటకును గ్రామసభకు అధికారముండవలెనన్నది. శ్రీరామచంద్రుడు కొలువైన భద్రాచలము అట్టి ఏజెన్సీ ప్రాంతముననే యున్నది. ఆ మన్యములో గిరిజనుని చేయి ఎత్తించి అడుగవలెనను న్యాయము రాయదుర్గపు పట్టభద్రునకు లేదు! గ్రామసభ ఒప్పుకొననూవచ్చును. అప్పుడు చేయెత్తిన ప్రతివాడును తన భాగమును తెలిసియే తీసికొన్నవాడగును. ఎత్తక, కాదనక కూర్చున్నవాని సంగతి కురుసభలో భీష్ముని గూర్చి చదివినవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

నిజమునకు రాయదుర్గమునను అడుగబడువాడు ఒకడున్నాడు. చీటి తగిలినంతనే దుకాణము లేవదు, గది కావలెను. లైసెన్సుదారుడు వీధులవెంట తిరిగి ఇంటి యజమానుల తలుపు తట్టును. ఆ యజమాని శనివారము ఉపవాసముండువాడు కావచ్చును. ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై వినువాడు కావచ్చును. పుస్తకముల కొట్టువాడు ఇచ్చు అద్దెకంటె ఇది ఎంతో అధికము. నేనీయకున్న పక్కింటివాడిచ్చును గదా యని అతడనును. ఆ మాట అబద్ధము కాదు. దుకాణమెట్లును వచ్చును, భాగము మాత్రము పక్కింటివానికి పోవును. ఆ అద్దెలో కొంత స్వామివారి అన్నదానమునకు ముడుపు కట్టుదునని అతడు మనస్సున అనుకొన్నచో, ఒడంబడికపై సంతకము చేయకమునుపు ఆ సంకల్పమును తన యింటి ఆడవారి యెదుట ఒకసారి పైకి పలికి చూచుకొనవలసియున్నది.