ఎండిన గింజ చచ్చినదా?

“వాడు చచ్చిన గింజ, ఎన్ని నీళ్లు పోసినను మొలవడు” అని పొరుగువానిగూర్చి మనము ఎంత సుళువుగా అనుచుందుము! అట్లు తీర్పు చెప్పకమునుపు ఒక గింజ సంగతి ఆలకించుము.

మృత సముద్రమునకు ఎదుట మసాదా అను కొండకోట యున్నది. 1963–65లో అచ్చట త్రవ్వగా సుమారు 2,000 ఏండ్లనాటి ఖర్జూరపు గింజలు దొరికెను. అవి మరి నలువది ఏండ్లు దాచబడి యుండెను. 2005లో మూడింటిని నానబెట్టి నాటగా ఒకటి మొలిచెను. దానికి మెతూషెల అని పేరు పెట్టిరి.

ఎండిన గింజయు చచ్చిన గింజయు చూపునకు ఒక్కటే. లోపల నిద్రించు మొలకను లేపునవి నీరు, గాలి, వెచ్చదనము. ఇవి కొరతపడినను చెరుపే, మితిమీరినను చెరుపే. వేరుసెనగ చేనిలో నీరు నిలిచినచో గాలి చొరక విత్తు కుళ్లిపోవును. గద్దింపులలో ముంచివేసినచో మనుష్యుడును అంతే గదా!

మూడింటిలో రెండు మొలవలేదు, నిజమే. అయితే ఏది మొలచునో నాటుటకు ముందు ఎవరు చెప్పగలిగిరి?

చచ్చిన గింజయని నీవు విడిచినవాని గుమ్మము ఈ యేట ఒక్కమారైనను త్రొక్కితివా? తడి తగులనీయక విత్తును నిందించుట న్యాయమా?