ఎండ అందరిదీ... అప్పు ఎవరిది?

‘సొంతం’ అనే మాట ఆడవాళ్ల విషయంలో వినపడగానే నేను కాస్త ఆగుతాను. పట్టాదారు పాసుపుస్తకం భార్య పేరున ఉంటుంది, పొలం బేరాలు మాత్రం భర్త మాట్లాడతాడు. సర్పంచ్ ఆమే, సంతకమూ ఆమెదే, పెత్తనం ఇంకొకరిది. అందుకే 2025లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని, వాటికి సంఘాలే యజమానులని ప్రకటించినప్పుడు నాకు సంతోషమూ అనుమానమూ జంటగా కలిగాయి.

సంతోషం సంగతి ముందు చెప్పాలి. అనంతపురం జిల్లాను ఆనుకుని, కర్ణాటకలో పావగడ ఉంది. తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న కరువు తాలూకా. అక్కడ దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. రైతుల నుంచి భూమి కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21 వేల చొప్పున కౌలుకు తీసుకున్నారు. వానల కోసం మొగులు చూసే రైతుకు అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ పొలాల్లో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన భూమిలేని ఆడవాళ్ల మాటేమిటి? కౌలు భూమి ఉన్నవాడికి. కూలి పోగొట్టుకున్న మనిషికి ఆ ఒప్పందంలో చోటే లేదు. బొగ్గు పొగ రాదు కాబట్టి అది మంచి కరెంటే. పొగ రానంత మాత్రాన అన్యాయం జరగలేదని అనలేం కదా!

మరి ఆ ప్యానెళ్లు ఊరివే అయితే, అందులోనూ ఊళ్లోని ఆడవాళ్లవే అయితే? ఆ ఊహే బాగుంటుంది. ఇక అనుమానం దగ్గరికి వస్తాను.

ఈ ప్లాంట్లకు ఆధారం 2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం. అందులో ‘ఎ’ భాగం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లను రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకోవచ్చు. కరెంటును డిస్కం 25 ఏళ్లపాటు నిర్ణయించిన ధరకు కొంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. (లెక్కలు మనకెందుకని పేజీ తిప్పకండి. మనల్ని లెక్కలకు దూరంగా ఉంచిందెవరో మనకు తెలుసు.) ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్‌కు 3 రూపాయల 10 పైసలనుకుంటే 50 లక్షలకు కాస్త తక్కువ వస్తుంది. ప్లాంటు ఖర్చు మూడు కోట్లనీ, అందులో 90 శాతం బ్యాంకు అప్పనీ, వడ్డీ పది శాతం, గడువు పదేళ్లనీ అనుకుందాం. ఏడాదికి కిస్తీలే 43 లక్షల దాకా అవుతాయి. మిగిలిన ఆరేడు లక్షల్లోంచి వాచ్‌మన్ జీతం, బీమా, ప్యానెళ్లు కడిగించడం, ఇన్వర్టర్ చెడిపోతే బాగుచేయించడం. అంతా సవ్యంగా నడిస్తే అప్పు తీరాక పదిహేనేళ్లు మంచి ఆదాయమే. ఈ లెక్క మొత్తం ఆ ‘సవ్యంగా నడిస్తే’ అన్న మాట మీద నిలబడి ఉంది.

కరీంనగర్ వైపు ఊళ్లో మా పెద్దమ్మ కూతురు ఇరవై ఏళ్లుగా సంఘంలో ఉంది. ఈ విషయం మాట్లాడుకుంటున్నప్పుడు అంది, “సోలార్ పెట్టుడు మంచిదే చెల్లె. కరెంటోళ్లు ఆర్నెల్లు పైసలియ్యకపోతె బ్యాంకోళ్లు ఎవలింటికొస్తరు? సూర్యుని ఇంటికైతె పోరు గద!” నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

డిస్కంలు బిల్లులు నెలల తరబడి ఆపడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. అంతకంటే పెద్ద ఉదాహరణ పక్క రాష్ట్రంలోనే ఉంది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అంతకుముందు కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువని వాటిని తిరగదోడింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. మధ్యలో యూనిట్‌కు రెండు రూపాయల నలభై పైసల చిల్లర మధ్యంతర ధర నడిచింది. ఒప్పందం ప్రకారమే చెల్లించాలన్న తీర్పు 2022 మార్చిలో వచ్చింది. అంటే రెండున్నరేళ్ల పైన! ఆ కంపెనీలకు లాయర్లున్నారు, వేరే రాష్ట్రాల్లో ప్లాంట్లున్నాయి, కాబట్టి తట్టుకున్నాయి. నెలనెలా కిస్తీ కట్టాల్సిన ఒక మండల సమాఖ్య రెండున్నరేళ్లు ఎలా తట్టుకుంటుంది?

తట్టుకుంటుంది. ఎలాగో మనకు తెలుసు. పుస్తెలు కుదువబెట్టి కడతారు. తెలుగునేల మీద ఆడవాళ్ల పొదుపు ఉద్యమానికి గొప్ప చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్లే తరవాత రోజుకో రూపాయి దాచుకునే సంఘాలకు ఊపిరి పోశారు. ఆ సంఘాల క్రమశిక్షణను చూసి బ్యాంకులు ముచ్చటపడ్డాయి, “ఆడవాళ్లు అప్పు ఎగ్గొట్టరు” అని మెచ్చుకున్నాయి. ఆ మెప్పు వెనకాల ఏముందో 2010లో మైక్రోఫైనాన్స్ సంక్షోభం చూపించింది. ఒకామె కిస్తీ కట్టలేకపోతే తోటి సభ్యులే ఆమె గడప ముందు కూర్చోవాల్సిన పరిస్థితి. ప్రాణాలు పోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అక్కడ హామీగా పెట్టుకున్నది ఆస్తిని కాదు, ఆడదాని పరువును. ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనపడని తాకట్టు అది.

అయితే ఆడవాళ్లకు ఇంత పెద్ద అప్పులు వద్దందామా? ఈ మాట అనడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు, మన శ్రేయస్సు కోరి మరీ! దాన్ని నేను ఒప్పుకోను. మనల్ని చిన్న అప్పులకూ, పచ్చళ్ల వ్యాపారానికీ, కుట్టుమిషన్లకూ పరిమితం చేసింది ఈ శ్రేయస్సే. కోట్ల అప్పుతో ప్లాంటు పెట్టిన కంపెనీని ఎవరూ “తీర్చగలవా తల్లీ” అని అడగరు. అసలు తేడా వేరే చోట ఉంది. కంపెనీ మునిగితే డైరెక్టరు ఇల్లు చట్టప్రకారం చాలావరకు భద్రంగా ఉంటుంది. సంఘం కూడా కాగితం మీద వేరే సంస్థే కావచ్చు. కానీ ఊళ్లో ఆ గీత ఎవరికి కనిపిస్తుంది?

జర్మనీలో షోనౌ అనే చిన్న ఊరుంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరవాత అక్కడి తల్లిదండ్రులు కొందరు అణువిద్యుత్ మాకొద్దని మొదలుపెట్టి, చివరికి ఊరి కరెంటు లైన్లనే కంపెనీ దగ్గర కొనేయాలనుకున్నారు. వాళ్లలో ముందు నిలిచిన ఉర్సులా స్లాడెక్ ఐదుగురు పిల్లల తల్లి, టీచరు. 1991లో, 1996లో రెండుసార్లు ఊరు ఓటు వేసి వాళ్లను గెలిపించింది. 1997లో గ్రిడ్ వాళ్ల చేతికొచ్చింది. దానికి కావలసిన డబ్బు చాలావరకు జనం కొన్న వాటాల నుంచి, దేశం నలుమూలల నుంచి వచ్చిన చందాల నుంచి సమకూరింది. ‘పోతే పోయింది’ అనుకోగల డబ్బు అది. గుజరాత్‌లో, ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుసెట్ల సహకార సంఘం పెట్టి, మిగిలిన కరెంటు డిస్కంకు అమ్మడం మొదలుపెట్టారు. యూనిట్ 4 రూపాయల 63 పైసలకు 25 ఏళ్ల ఒప్పందం. అక్కడ కూడా ప్యానెళ్ల ఖర్చులో సింహభాగం అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ భరించింది, రైతులు కొంత వేసుకున్నారు.

అంటే సామూహిక యాజమాన్యం నిలిచిన చోట మొదటి నష్టాన్ని తట్టుకోగలిగినవాళ్లు నెత్తికెత్తుకున్నారు. మన దగ్గర కుసుమ్ ‘ఎ’ భాగంలో యజమానికి పెట్టుబడి సబ్సిడీ లేదు. యూనిట్‌కు 40 పైసల చొప్పున అయిదేళ్ల ప్రోత్సాహకం ఉంది గానీ, అది కరెంటు కొనే డిస్కంకు! నాలాగా నగరంలో ఏసీ వేసుకుని కూర్చునేవాళ్లకు శుభ్రమైన కరెంటు కావాలి, దేశానికి లెక్కలు చూపడానికి మెగావాట్లు కావాలి, డిస్కంకు చవక ధర కావాలి. ఈ అవసరాలన్నీ కలిసి ఒక సమాఖ్య సంతకం కింద అప్పుగా మారుతున్నాయి. అందరి మేలుకు అయ్యే ఖర్చును అందరికంటే తక్కువ ఉన్నవాళ్ల పేరున రాయడానికి ‘సాధికారత’ అని పేరు పెట్టొచ్చా? పెట్టకూడదనే నా పట్టుదల. డిస్కం ఆలస్యం చేసిన నెలలకు కిస్తీ ఆగాలి, ఆ వడ్డీ డిస్కమే కట్టాలి. మొదటి నష్టాన్ని భరించే హామీ నిధి ప్రభుత్వం పెట్టాలి, అందుకోసం నా బిల్లులో యూనిట్‌కు కొన్ని పైసలు పెంచినా నేను కడతాను. దాన్ని సాయమని ఎవరూ అనక్కర్లేదు, వాడుకున్న దానికి ధర అది.

భూమి సంగతి కూడా చూడాలి. బంజరు అంటారు గానీ ఊళ్లో ఏ బంజరూ ఊరికే పడి ఉండదు. మేకలు మేసేది అక్కడే. కట్టెలు ఏరుకునేది, వానాకాలం గురుగు కూర, తుమ్మికూర కోసుకునేది అక్కడే. అవి కోసుకునే ఆమె సంఘంలో సభ్యురాలు కాకపోతే, కంచె వేసే ముందు ఆమెను ఎవరడుగుతారు? ప్లాంటు మొదలయ్యాక ప్యానెళ్ల మీద దుమ్ము కడిగే పని ఆడవాళ్లదీ, ఇన్వర్టర్ గది తాళంచెవి మగ టెక్నీషియన్‌దీ అయితే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

మా అక్క వాళ్ల సమాఖ్యకు ఇంకా ప్లాంటు రాలేదు. వస్తే ఏం చేస్తారని అడిగాను. ఒప్పంద పత్రం తెలుగులో కావాలని అడుగుతామంది. మీటింగులో పైకి చదివించి, కిస్తీ ఆగితే ఎవరు బాధ్యులన్న పేరా దగ్గర ఆపి రెండోసారి చదివించాలని ఇప్పటికే అనుకున్నారట.