చలాన్ ఫొటోలో ముసలమ్మ

సిద్దిపేట దగ్గరి ఒక పల్లెటూరి కుర్రవాడు హైదరాబాదులో ఇంజినీరు ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళు జీతంలో మిగిల్చి ఒక పాత కారు కొన్నాడు. వాళ్ళ ఇంటి ముందు ఆగిన మొదటి కారు అదే. తల్లి దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టి దిష్టి తీసింది. ఆ రోజు నుంచి ప్రతి శనివారం సాయంత్రం అతను రాజీవ్ రహదారి మీద ఇంటికి వచ్చేవాడు.

శామీర్‌పేట దాటాక ఆ రోడ్డు మీద కారు నడుపుతుంటే కాలు దానంతట అదే బరువెక్కుతుంది. నాలుగు వరసల రోడ్డు, నడుమ డివైడరు, కనుచూపు మేర నున్నటి తారు. అయితే ఆ రోడ్డును ఆనుకొని ఊళ్ళున్నాయి. ఒకప్పుడు ఊరి నడుమ నుంచి సన్నగా పోయిన రోడ్డే ఇప్పుడు వెడల్పయింది. ఊరు మాత్రం ఎక్కడికీ కదలలేదు. ఇళ్ళు ఒక పక్క, పొలాలు ఇంకో పక్క. బడి ఒక పక్క, బస్ స్టేజీ ఇంకో పక్క. అలాంటి ఒక ఊరి మొదట్లో, ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు మీద 60 అని రాసి ఉంది.

ఒక శనివారం చెల్లెలిని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఆఫీసులో ఆలస్యమైంది. తల్లి అప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ బోర్డు దాటేటప్పుడు అతని కారు 80 మీద ఉంది. ఎవరూ చెయ్యెత్తి ఆపలేదు, విజిల్ వినపడలేదు. పెళ్ళివారి కంటే ముందే ఇల్లు చేరాడు. తల్లి సంతోషించింది.

నాలుగో రోజు ఫోనుకి మెసేజ్ వచ్చింది. అతివేగం. బండి నంబరు, తేదీ, సమయం, స్థలం. జరిమానా వెయ్యి, యూజర్ చార్జీ 35, మొత్తం 1,035 రూపాయలు.

అతను బడిలో ఏనాడూ గోడకుర్చీ వేయనివాడు. అప్పు ఎగ్గొట్టనివాడు. తన పేరు మీద ఒక తప్పు నమోదైందనేసరికి మొహం వేడెక్కింది. కాసేపటికి సిగ్గు పోయి కోపం వచ్చింది. నా పక్క నుంచి పోయిన బండి నాకంటే జోరుగా పోలేదా? చెట్టు చాటున స్పీడ్ గన్ పెట్టుకొని కూర్చోవడం ఏమిటి? నేనేమన్నా ఎవరినైనా గుద్దానా?

గదిలో ఉండే స్నేహితుడు, "వదిలెయ్ రా, ఎప్పుడో ఒకప్పుడు డిస్కౌంట్ పెడతారు, అప్పుడు కట్టు" అన్నాడు. బావకు ఫోన్ చేస్తే తనకు తెలిసిన ఎస్సై ఉన్నాడనీ, ఒక మాట వేయిస్తాననీ అన్నాడు. ఆ రాత్రే వాట్సాప్‌లో ఇంకో మెసేజ్ వచ్చింది. మీ చలాన్ పెండింగులో ఉంది, ఈ ఫైలు తెరిచి వెంటనే కట్టండి, లేకపోతే కేసు అని. పైన పోలీసు ముద్రలాంటి బొమ్మ. కింద, ఫోనులో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు. కంగారులో వేలు దాని మీదికి వెళ్ళింది. అంతలో తల్లి ఫోన్ రావడంతో ఆగిపోయాడు.

శనివారం ఊరికి వచ్చాక మేనమామ దగ్గరికి వెళ్ళాడు. మేనమామ ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా చేసి దిగినవాడు. అరుగు మీద కూర్చొని బీరకాయ విత్తనాలు ఎండబోస్తున్నాడు.

"ఏందిరా అల్లుడా, మొకం అట్ల పెట్టినవ్?"

"చలాన్ వచ్చింది మామా. వెయ్యి ముప్పై అయిదు."

"పైసల సంగతి తర్వాత. ఫొటో చూసినవా?"

చూడలేదు. మెసేజ్ మాత్రమే చదివాడు. మేనమామ ముందు ఆ వాట్సాప్ ఫైలును తీసేయించాడు. "పోలీసోళ్ళు ఫైలు పంపి ఏది పడితే అది తెరువుమనరు బిడ్డా" అన్నాడు. తర్వాత తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టించాడు. ఫొటో వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకొని, రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేశాడు. నంబరు ప్లేటు చూశాడు. రంగు చూశాడు. బండి మనదే. సమయం 5 గంటల 40 నిమిషాలు, అదీ సరిపోయింది. అక్కడితో ఆపలేదు. ఫొటోను పక్కకు జరిపాడు. మూలకు వచ్చి ఆగాడు.

"గీమె ఎవరు?"

డివైడరు తెగిన చోట ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నెత్తిన గడ్డిమోపు. ఒక కాలు డివైడరు గట్టు మీద, ఒక కాలు కింద రోడ్డు మీద.

"ఎవరో మామా, నాకు తెల్వదు."

"నువ్వు పోయిన తొవ్వల ఉన్నది. నన్నడుగుతవా?"

అతను గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ సాయంత్రం కారులో మోగిన పాట గుర్తుంది. తల్లి ఫోన్ గుర్తుంది. ఎడమ నుంచి దాటేసిన లారీ వెనక రాసిన అక్షరాలు కూడా గుర్తున్నాయి. ఈ ముసలమ్మ మాత్రం గుర్తు లేదు. మరిచిపోవడం కాదు. అసలు చూడనే లేదు.

మేనమామ అతన్ని అరుగు దింపి వీధిలోకి తీసుకెళ్ళాడు. తమ గడప నుంచి చింతచెట్టు దాకా అంగలు వేశాడు. ముప్పై ఆరు అంగలు, పెద్ద అంగలు.

"ఇను. అరవై మీద వస్తున్నవు. మన గడపకాడ ఆమె కనపడ్డది. బ్రేక్ తొక్కినవు. ఈ చెట్టుకాడ ఆగుతవు. ఎనభై మీద వస్తున్నవనుకో. అదే గడపకాడ కనపడ్డది, అట్లనే తొక్కినవు. ఈ చెట్టుకాడికి వచ్చేసరికి బండి ఇంక అరవై మీద ఉంటది."

కుర్రవాడు నమ్మలేదు. ఇంజినీరు కదా, లోపలికి వెళ్ళి ఒక పాత శుభలేఖ వెనక లెక్క వేశాడు. కంటికి కనపడ్డాక కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడుతుంది. 60 మీద ఉన్న బండి ఆ సెకనులోనే దాదాపు 17 మీటర్లు పోతుంది, 80 మీద ఉన్నది 22 మీటర్లు పోతుంది. తర్వాత బ్రేకు పట్టి ఆగడానికి, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్నా, మొదటిదానికి మరో 20 మీటర్లు కావాలి. రెండోదానికి 35 కావాలి. వేగం మూడో వంతు పెరిగితే బ్రేకు దూరం మూడో వంతు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పదో తరగతిలో చదివిన సూత్రమే. చివరగా, మొదటి బండి పూర్తిగా ఆగే చోట రెండో బండి వేగమెంతో కట్టి చూశాడు. గంటకు 62 కిలోమీటర్లు వచ్చింది.

మళ్ళీ వేశాడు. అంతే వచ్చింది.

ఇంకో లెక్క కూడా వేశాడు, దాన్ని ఎవరూ అడగలేదు. ఆ ఊరి పొడవు కిలోమీటరు ఉంటుంది. 60 మీద పోతే నిమిషం పడుతుంది. 80 మీద పోతే 45 సెకన్లు. తను ఆ రోజు మిగిల్చుకున్నది 15 సెకన్లు.

శుభలేఖ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ అరుగు మీద కూర్చునే చలాన్ కట్టేశాడు. బావకు ఫోన్ చేసి ఎస్సైకి ఏమీ చెప్పొద్దన్నాడు.

మరుసటి శనివారం ఆ ఊరి బోర్డు దగ్గరే వేగం తగ్గించాడు. తగ్గిస్తే ఊరు కనపడింది. బడి గోడ, చేతిపంపు, డివైడరు తెగిన చోటు. రోడ్డు పక్కన కారు ఆపి చాయ్ తాగుతూ హోటలాయనను అడిగాడు. "ఆ అవ్వనా? ఆమె ఇల్లు ఈ పక్క, పొలం ఆ పక్క. బర్రెకు గడ్డి కోసుకొని రోజూ ఈ యాళ్ళకే వస్తది" అన్నాడాయన. కాసేపటికి ఆమె నిజంగానే వచ్చింది. డివైడరు గట్టు మీద నిలబడి, ఒక కాలు కిందికి దింపి, తీసి, మళ్ళీ దింపి, నాలుగు బండ్లు పోయాక దాటింది. అతని పక్క నుంచే నడిచి వెళ్ళింది. అతనెవరో ఆమెకు తెలియదు.

నీతి

మొదటి స్పీడ్ చలాన్ వచ్చినప్పుడు మనలో ఎక్కువమంది చూసేది అంకెను. ఈ కథలో మేనమామ చూసింది ఫొటోను. నేను చెప్పదలచుకున్నది అదే. ఆ చలాన్ మన వేగానికి వేసిన ధర కాదు. మనం చూడకుండా దాటిపోయిన ఒక క్షణాన్ని ఇంకొకరు చూసి పంపిన సాక్ష్యం.

సాక్ష్యం అన్నాక పరీక్షించి తీరాలి. అది మన హక్కు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021లో 167ఏ నియమాన్ని చేర్చారు. దాని ప్రకారం కెమెరా పట్టిన తప్పుకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నంబరు ప్లేటు స్పష్టంగా కనపడే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనో అన్నీ ఉండాలి. బండి మీది కాకపోతే, మీ నంబరును ఇంకెవరో తగిలించుకొని తిరుగుతుంటే, ఊరుకోకండి. ఫిర్యాదు చేయండి, అవసరమైతే కోర్టుకు వెళ్ళండి. చేయని తప్పుకు విసుగుతో డబ్బు కట్టేయడం కూడా మంచిది కాదు. చూసేది, కట్టేది మాత్రం చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్న ప్రభుత్వ వెబ్‌సైటులోనే. వాట్సాప్‌లో వచ్చే చలాన్ ఏపీకే ఫైళ్ళు తెరిచి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్ళు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

తప్పు మనదే అయితే? అప్పుడు బేరం వద్దు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 183వ సెక్షన్ అతివేగం గురించి చెబుతుంది. 2019 సవరణ తర్వాత కారు వంటి తేలిక వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలు, లారీలు బస్సులకు రెండు నుంచి నాలుగు వేలు జరిమానా. మొదటిసారికి డబ్బుతో పోతుంది. రెండోసారి లైసెన్సు స్వాధీనం దాకా వెళుతుంది. చట్టమే మొదటిసారికీ రెండోసారికీ ఇంత తేడా పెట్టిందంటే, మొదటిదాన్ని హెచ్చరికగా తీసుకొమ్మనే కదా.

రాయితీల గురించి ఒక మాట చెప్పాలి. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగు చలాన్లకు ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 చివర్లో మళ్ళీ ఇచ్చారు. బకాయిలు వసూలయ్యాయి. కానీ వెంటనే కట్టినవాడు అమాయకుడిలా, ఎగవేసినవాడు తెలివైనవాడిలా మిగిలారు. దానికంటే పెద్ద నష్టం, చలాన్ అంటే కరెంటు బిల్లు బకాయి లాంటిదన్న భావం మనలో పాతుకుపోవడం. బిల్లు ఆలస్యమైతే ఫ్యూజు పీకుతారు. వేగం తగ్గకపోతే పోయేది ఫ్యూజు కాదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఆ మరణాల్లో నూటికి 71కి అతివేగమే కారణంగా నమోదైంది. చనిపోయినవాళ్ళలో 32 వేలకు పైగా పాదచారులు. వాళ్ళకు బండి లేదు, వాళ్ళ పేరు మీద చలాన్ లేదు.

ఈ వేగం గొడవ నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. 1896 జనవరిలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 2 మైళ్ళు దాటకూడని చోట 8 మైళ్ళ వేగంతో కారు నడిపాడు. ఒక కానిస్టేబులు సైకిలు మీద వెంబడించి పట్టుకున్నాడు. ప్రపంచంలో మొదటి స్పీడ్ జరిమానా ఆయనదేనని చెబుతారు. వేగానికి పడినది ఒక షిల్లింగు. అదే ఏడాది ఆగస్టులో లండన్‌లో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే నడివయసు తల్లి నడిచిపోతూ కారు తగిలి మరణించింది. బ్రిటన్‌లో మోటారు కారుకు బలైన మొదటి పాదచారి ఆమె. జరిమానాకూ ఆ మరణానికీ మధ్య ఏడు నెలలు కూడా లేవు.

ఇది చదువుతున్న మీకు ఈ నెలలో మొదటి చలాన్ వచ్చి ఉండవచ్చు. మీ అబ్బాయికో అమ్మాయికో వచ్చి ఉండవచ్చు. పిల్లలను తిట్టకండి, ఎవరికీ ఫోన్ చేసి మాట వేయించకండి. పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఫొటో తెరవండి. నంబరు సరిచూశాక, దయచేసి ఫొటో అంచుల దాకా చూడండి.